ఇంటి నూనె

సాయంత్రం నాలుగూ ఇరవైకి శారద మొదటి వాయి బూరెలు నూనెలోంచి తీసింది. ఆ వేళ నాకు గుర్తుండడానికి కారణం ఉంది. నాలుగున్నరకి వర్క్‌షాపు సైరన్ మోగుతుంది. అది మోగేలోగా రెండో వాయి కూడా దించాలని తను గోడ గడియారం చూసుకుంటూ వండుతోంది. ఉగాది వెళ్ళిన వారం అది. కొత్త నూనె డబ్బా మూత తీసిన రోజు. ఒక బూరె తుంచి, ఊది, నా నోట్లో పెట్టింది.

"ఆవనూనె వాసన రాలేదు గదక్కా?" అంది.

రాలేదన్నాను. బాగుందన్నాను. నిజంగానే బాగుంది. రుచిలో ఏ తేడా తెలిసినా ఇది రాయవలసిన పని ఉండేది కాదు.

శారద నా చెల్లెలు, తోటికోడలు కూడా. అక్కచెల్లెళ్ళిద్దరినీ అన్నదమ్ములిద్దరికీ ఇచ్చారు. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మా ఆయనకి వచ్చిన రైల్వే క్వార్టర్లో అందరం కలిసి ఉండేవాళ్ళం. మా అత్తగారు, నా ఇద్దరు పిల్లలు, మా మరిది సూర్యం, శారద. మా ఆయన రైల్వే ఆఫీసులో గుమాస్తా. సూర్యం వర్క్‌షాపులో ఫిట్టరు. అన్నగారి ఎదుట కుర్చీలో కూర్చునేవాడు కాదు. ఇంట్లో మాట మా ఆయనది.

ఆయనకి తోటంటే ప్రాణం. క్వార్టరు వెనక పెరడూ, పెరడు దాటి మురుగుకాలవ దాకా ఉన్న రైల్వే ఖాళీ జాగా అంతా సాగులోకి తెచ్చారు. తోటకూర, బచ్చలి, ఆనప, బీర, వంగ. సంచుల్లో వచ్చే ఎరువు ముట్టుకోలేదు. పేడ తట్టలతో తెప్పించి, గోతిలో మాగబెట్టి వేసేవారు. అందరూ మొక్కల మీద తెల్ల పొడి మందు చల్లుతున్న రోజుల్లో ఆయన బూడిదా వేపపిండీ తప్ప ఏదీ చల్లనివ్వలేదు. అందులో ఆయన తప్పు లేదు. కోపంగా ఉన్నాను కదా అని ఆ మాట దాచను.

తిండి కూడా అలాగే. సందేశ్, రసగుల్లా లాంటి బజారు మిఠాయిలు గడప దాటి లోపలికి రాకూడదు. పిల్లలకి తీపి కావాలంటే శారద చెయ్యాలి. గవ్వలు, కజ్జికాయలు, బూరెలు, చలివిడి. తనకి అది కష్టమనిపించేది కాదు. మా పక్క క్వార్టరు బెంగాలీ ఆవిడని మేం బౌదీ, అంటే వదినా, అని పిలిచేవాళ్ళం. ఆవిడ గోడ మీంచి తొంగి చూసి, "మీ ఆయన ఉప్పు ఏ మడిలో నాటాడు, కాస్త చూపించవా" అని ఏడిపించేది. మా ఆయన ఆ మాటకి నవ్వేవారు కాదు. గుడి దగ్గర కలిసిన మన తెలుగువాళ్ళకి బజారు తిండి గురించి గంటసేపు చెప్పేవారు. వాళ్ళు వినేవారు. ఆయన చెప్పే తీరు అటువంటిది.

మా వైపు పిండివంటలకి నువ్వులనూనె. ఊరినుంచి ఎవరైనా రైలెక్కితే డబ్బాతో వచ్చేది. ఆ ఏడు ఎవరూ రాలేదు. ఇక్కడ దొరికేది ఆవనూనె. ఆ చలికాలం బజారు ఆవనూనెలో కల్తీ ఉందనీ, తిన్నవాళ్ళ కాళ్ళు వాస్తున్నాయనీ ఊరంతా చెప్పుకున్నారు. మా ఆయన మన ఆవాలు మనమే పండిద్దామన్నారు. అప్పటికే కాలవ పక్క జాగాలో చల్లేశారు కూడా.

ఆ చేను అంచుల్లో బ్రహ్మదండి మొలిచింది. చలికాలం రైలు పట్టాల పక్కన ఎక్కడ చూసినా ఉండే మొక్కే. ఆకు నిండా ముళ్ళు, పసుపు పువ్వు, తుంచితే పసుపు పాలు. సూర్యం పీకబోతే మా అత్తగారు ఆపింది. "బెమ్మదండిరా అది, పీకొద్దు. గజ్జికి దాని పాలే రాసినాను నీకు సిన్నప్పుడు," అంది. మా ఆయనకి ఇంకో కారణం దొరికింది. సెటిల్‌మెంట్‌లో మేకలు విచ్చలవిడిగా తిరుగుతాయి. ముళ్ళకి భయపడి అవి ఆవచేలోకి రాలేదు. ఖర్చులేని కంచె అని వచ్చినవాళ్ళందరికీ చూపించారు. ఆ కంచె అంచున మొక్క బాగా ఒత్తుగా పెరిగేలా నీళ్ళు కూడా పోశారు.

ఫాల్గుణంలో ఒక ఆదివారం అన్నదమ్ములిద్దరూ చేను కోశారు. అంచుల్లో ముళ్ళ మొక్కల్ని కూడా కలిపి కోసి, టార్పాలిన్ మీద వేసి కొట్టారు. బ్రహ్మదండి కాయ ఎండితే పైన విచ్చుకుంటుంది, వంచితే గింజలు రాలతాయి. గుండ్రంగా, నల్లగా, ఆవగింజంత ఉంటాయి. ముళ్ళూ పొట్టూ చేటలతో చెరిగేశాం. గింజలు మిగిలాయి. ఊళ్ళోనే మలంచా పేట వైపు గానుగలో ఆడించి, మా ఆయన డబ్బాని సైకిలు మీద స్వయంగా తెచ్చారు.

వైశాఖంలో పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. ఎండ అనుకున్నాం. జ్యేష్ఠంలో శారద చెప్పు కాలికి పట్టలేదు. వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపటికి గాని నిండేది కాదు. తర్వాత నాకు, ఆ తర్వాత పిల్లలకి, సూర్యానికి. మా ఆయనకి కొద్దిగా. ఆయన తీపి తక్కువ తినేవారు, పిల్లలకి పెట్టమనేవారు. కాళ్ళు ఎర్రబడి, సెగ దగ్గర పెట్టినట్టు మండేవి. చూడ్డానికి వచ్చిన ప్రతి మనిషికీ ఒక కారణం తెలుసు. నీళ్ళు పడలేదన్నారు. దిష్టి అన్నారు. శారదకి ఇంకా పిల్లలు లేరు కాబట్టి అదే అయ్యుంటుందని ఒకావిడ నవ్వుతూ అంది. అందరూ చివరికి చెప్పింది ఒకటే. బలమైనది తినమని. ఇంట్లో చేసిందయితే ఏమీ చెయ్యదని.

రైల్వే ఆస్పత్రిలో ఆడవాళ్ళ బల్ల వేరు. వైద్యం కార్డు ఉద్యోగస్థుడి పేరున ఉంటుంది. ప్యూను పిలిచేది ఆ పేరే, జబ్బు మనిషి పేరు కాదు. సూర్యానికి షిఫ్టు ఉండడం వల్ల వాడి కార్డు పట్టుకుని మా ఆయన వచ్చారు. శారదా నేనూ బల్ల మీద కూర్చున్నాం. ఎదురుగా ఒకామె మూడేళ్ళ పిల్లాడి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, వాడికి రైళ్ళ పేర్లు వరసగా చెబుతోంది. మా చెవుల్లో అవే పడుతున్నాయి.

డాక్టరు శారదని లోపలికి పిలిచి, కాలు నొక్కి చూసి, మళ్ళీ బల్ల మీద కూర్చోమన్నాడు. మా ఆయన లోపలే ఉన్నారు. సగం తలుపు. మాటలు వినబడుతూనే ఉన్నాయి. బజారు ఆవనూనె వాడతారా అని డాక్టరు హిందీలో అడిగాడు.

"మా ఇంట్లో బజారు నూనె గడప తొక్కదు సార్. అంతా ఇంటిదే," అన్నారు మా ఆయన. ఆ గొంతు నాకు తెలుసు. తోట చూపించేటప్పుడు వచ్చే గొంతు అది.

డాక్టరు తల ఊపి నూనె ఆలోచన వదిలేశాడు. ఇంటిదంటే ఏ నూనె అని అడగలేదు. ఎవరు వండుతారు అని అడగలేదు. వండే ఇద్దరం తలుపు అవతల చేతికందే దూరంలో కూర్చుని ఉన్నాం. ఆంధ్రావాళ్ళు మిల్లు బియ్యం గంజి వార్చి తింటారు, దానివల్ల వచ్చే వాపు ఇది అని చెప్పి, బలానికి మాత్రలు రాశాడు. నువ్వు లేచి చెప్పాల్సింది అని నన్ను తర్వాత అన్నవాళ్ళున్నారు. నాకు మాత్రం ఇంటి నూనె మీద అనుమానం ఎక్కడిది? అనుమానించడం నేర్చుకున్న మనిషి ఆ గదిలో ఒక్కడే. ఆ డాక్టరు అడిగింది ఒక్క ప్రశ్న. దానికి జవాబు చెప్పింది వంటింట్లోకి అడుగు పెట్టని మనిషి.

ఆషాఢం వచ్చేసరికి శారద రెండు మెట్లెక్కితే ఆయాసపడుతోంది. ఆస్పత్రిలో చేర్చుకున్నారు. అదే వారం మా ఆయన ఆఫీసు పనిమీద కలకత్తా వెళ్ళారు. ఆయన లేని ఆ కొన్నాళ్ళూ శారద ఆస్పత్రి తిండే తింది. పొద్దున రొట్టె, పాలు. మధ్యాహ్నం అన్నం, పల్చటి పప్పు. నేను వెళ్ళేసరికి మంచం మీద లేచి కూర్చుని ఉంది. చీలమండ దగ్గర ఎముక మళ్ళీ కనబడుతోంది. తనే చూపించింది.

"అక్కా, ఈ రొట్టె ఎంత మెత్తగున్నాదో. బావగారికి సెప్పీకేం," అని నవ్వింది.

నేను చెప్పలేదు. మా ఆయన కలకత్తా నుంచి వచ్చాక వార్డు ఆయా చెప్పింది, మంచి మాటగానే. మీ అమ్మాయి ఇప్పుడు శుభ్రంగా తింటోంది బాబూ అని. మా ఆయన ముఖం మారిపోయింది. ఆస్పత్రి కూరలో ఏ నూనె పోస్తారో ఎవరికి తెలుసన్నారు. మర్నాటినించి రోజూ మధ్యాహ్నం ఇంటినుంచి క్యారియరు. అన్నం, తోటకూర వేపుడు, పై గిన్నెలో బలానికని బెల్లం పాకం పట్టిన గవ్వలు. వాచిన కాళ్ళతో పీట మీద కూర్చుని వాటిని వేయించింది నేను. ఆయన ఎండలో సైకిలు తొక్కుకుంటూ తెచ్చి, దగ్గర కూర్చుని తినిపించేవారు.

"రొట్టె సాల్లెండి బావగారూ," అని ఒకరోజు శారద అంది.

"జబ్బు మీద బజారు తిండేటి తల్లీ? మన కూర, మన నూనె. తిను," అన్నారు ఆయన.

ప్రేమగా అన్నారు. ఆయన చెడ్డవారయితే నాకు ఇంత కష్టం ఉండేది కాదు.

పదిరోజులు తిరక్కుండా చీలమండ ఎముక మళ్ళీ మునిగిపోయింది. ఎందుకు తగ్గింది, ఎందుకు పెరిగింది అని ఎవరూ అడగలేదు. వానలు పట్టాయి. సాయంత్రాలు ఆస్పత్రి వసారాలో దీపాల చుట్టూ నాకు రంగు రంగుల వలయాలు కనబడడం మొదలైంది. వాన వల్ల అనుకున్నాను. వాన లేని రోజు కూడా కనబడ్డాయి. పుస్తకంలో అక్షరం చెదిరిపోయేది. నన్ను కూడా చేర్చుకున్నారు, శారద పక్క మంచానికే. నేను డబ్బా నిండా వేయించి పెట్టి వచ్చిన గవ్వలు క్యారియరులో వస్తూనే ఉన్నాయి. పిల్లల్ని బౌదీ తన ఇంటికి తీసుకుపోయింది. గంజి వార్చని మెత్తటి అన్నం, ఉడకబెట్టిన ఆలుగడ్డ, ఉప్పు పెట్టింది. వాళ్ళ వాపు అక్కడే తగ్గింది. ఎవరూ అడక్కుండా చేసిన సాయం అది. వాపు ఎందుకు తగ్గిందో ఆవిడకీ తెలియదు.

శ్రావణంలో ఒక పొద్దున్న, ఆయా టీ కెటిల్ పట్టుకుని మంచాల మధ్య వస్తుండగా, శారద ఊపిరి ఆగిపోయింది. పెద్దగా ఏమీ జరగలేదు. నావైపు తిరిగి ఏదో అడగబోయింది. స్టూలు మీద ముందురోజు క్యారియరు పై గిన్నెలో గవ్వలు సగం ఉన్నాయి. అవి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఆయా గిన్నె కడిగి తెచ్చి నాకిచ్చింది.

నాలుగు రోజుల తర్వాత వార్డుకి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. బెంగాలీ ఆవిడ. కాగితాలు చూసి, మంచం అంచున కూర్చుని, నన్నే అడిగింది. మూడు నెలల్లో నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడ. మీ ఇంట్లో వాపు రానిది ఎవరికి అంది.

మా అత్తగారికి అన్నాను.

మీరంతా తినేదాంట్లో మీ అత్తగారు తిననిది ఏమిటి అంది.

అత్తగారు భర్త పోయిన మనిషి. ఒంటిపూట తిండి, తన గిన్నెలో తనే నేతితో వండుకుంటుంది. ఆవనూనె వాసన పడదని పిండివంట ముట్టదు. ఆ మాట చెప్పగానే డాక్టరమ్మ రాయడం ఆపింది. ఏ నూనె, ఎక్కడిది, ఆవాలు ఎక్కడివి అని వరసగా అడిగింది. ఇంట్లో మిగిలిన ఆవాలూ, ఒక సీసా నూనె కూడా తెప్పించమంది. సూర్యం తెచ్చాడు. ఆవిడ గింజలు నా దుప్పటి మీద పోసి వేలితో పరిచి చూపించింది. రెండు రకాలున్నాయి. ఒకటి నున్నగా ఉంది. రెండోది కొంచెం ముదురు, పైన గరుకు. ముళ్ళ మొక్క, పసుపు పువ్వు, పసుపు పాలు అని ఆవిడ వర్ణిస్తుంటే నాకు మా కంచె కళ్ళముందు నిలబడింది.

"బజారులో డబ్బు కోసం కలిపేది దీన్నే. మీ ఇంట్లో ఎందుకు కలిపారు?" అని అడిగింది.

నూనెలో ఏదో మందు వేస్తే ఎర్రగా మారిందనీ, ఇంకా పెద్ద పరీక్షకి పంపుతున్నాననీ సాయంత్రం వచ్చి చెప్పింది. ఆ నూనె ఇంక ఎవరూ ముట్టకూడదంది. ఆ మాట అన్నయ్యతో చెప్పమని సూర్యాన్ని పంపాను.

శారద పన్నెండో రోజుకి నన్ను ఇంటికి పంపారు. రిక్షా దిగేసరికి పెరట్లో గాడిపొయ్యి మండుతోంది. వంటవాడు మూకుడు పెట్టాడు. బూరెలకి పూర్ణం ఉండలు చేసి తాంబాళంలో పెట్టి ఉన్నాయి. పక్కన అదే డబ్బా. వీధి గదిలో మా ఆయన బంధువులతో మాట్లాడుతున్నారు. ఆస్పత్రి తిండి తిన్నాకే పిల్ల పాడైపోయిందనీ, కలకత్తా వెళ్ళకుండా ఉండవలసిందనీ ఆయన అంటున్నారు. నలుగురూ తలలూపుతున్నారు.

సూర్యం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చెప్పావా అని అడిగాను. చెప్పాడట. పరీక్ష కాగితం రానీ, ఒక ఆడడాక్టరు మాట మీద చెట్టంత సంసారాన్ని అనుమానించాలా అన్నారట ఆయన.

నేను నడవగలిగేది గోడ పట్టుకునే. గోడ పట్టుకునే వెళ్ళి డబ్బా తీసుకున్నాను. కాలవ దాకా మోయలేక పెరట్లో బచ్చలి మడి పక్కనే వంచాను. వంటవాడు అయ్యో అంటుంటే మూకుడులోది కూడా పారబొయ్యమన్నాను. మా ఆయన వచ్చారు.

"నలుగుర్లో ఏటిది?" అన్నారు, గొంతు తగ్గించి.

"ఈ నలుగురూ తినబోతున్నారని," అన్నాను. తగ్గించలేదు. "దీన్లో మీ కంచె ఉంది. శారద దీన్నే తింది. ఆస్పత్రి రొట్టె తిన్న నాలుగు రోజులూ బతికింది."

ఆయన నా చెయ్యి పట్టుకోబోయారు. అప్పుడు సూర్యం, అన్న ముందు ఎప్పుడూ నోరెత్తని మనిషి, "వదిన్ని ఆపకన్నియ్యా," అన్నాడు. అంతే. ఆ రోజు వచ్చినవాళ్ళు పప్పూ పెరుగూ తిని వెళ్ళారు. బూరెలు లేకుండా పన్నెండో రోజు జరిపించిన ఇల్లు అని కొన్నాళ్ళు మమ్మల్ని చెప్పుకున్నారు. చెప్పుకోనీ.

పరీక్ష కాగితం తర్వాత వచ్చింది. అందులో కొత్త సంగతేమీ లేదు. మా ఆయన దాన్ని రెండుసార్లు చదివి, పెరట్లోకి వెళ్ళి, వానకి మొలిచిన బ్రహ్మదండి మొక్కల్ని ఒట్టి చేతులతో పీకారు. చేతులు చీరుకుపోయాయి. చూసినవాళ్ళు పాపం అన్నారు. కట్టు మా అత్తగారు కట్టింది. నేను కట్టలేదు.

కార్తీకానికి నా కాళ్ళు మామూలయ్యాయి. కుడికన్ను కాలేదు. ఎడమ కంటితో చదువుతాను, త్వరగా అలిసిపోతాను. సూర్యం ఆ ఏడే వేరే క్వార్టరు రాయించుకుని వెళ్ళాడు. పండగలకి వస్తాడు, భోంచేస్తాడు, పెరట్లోకి వెళ్ళడు. ఎవరైనా అడిగితే మా ఆయన శారదకి గుండెజబ్బు అంటారు. అది అబద్ధం కాదు, చివరికి ఆగింది గుండే. నేనున్నచోట అంటే మాత్రం మిగతాది నేను చెబుతాను. తలరాత అన్నవాళ్ళకి కూడా చెబుతాను. ఆ రాత ఎవరు చల్లారో, ఎవరు నీళ్ళు పోశారో, ఏ గానుగలో ఆడిందో నాకు తెలుసు. ఇన్నేళ్ళయినా నాకు కోపం తగ్గలేదు. తగ్గించుకోమని చెప్పేవాళ్ళు శారద చేతి గవ్వలు తిననివాళ్ళు.

పెరటి తోట వద్దని నేను అనను. మా మడుల్లో ఇప్పటికీ తోటకూర ఉంది, ఆనప ఉంది. పిల్లలకి తీపి నేనే చేస్తాను, నేతితో. ఆవాలు వేసుకునేవాళ్ళు చేను అంచులు చూసుకోండి, ముళ్ళ మొక్క కనబడితే పువ్వు రాకముందే పీకెయ్యండి. ఎవరి కాళ్ళయినా వాస్తే నూనె ముందు ఆపి, ఆ తర్వాత కారణాలు వెతకండి. ఇంట్లో పండింది, ఇంట్లో ఆడింది, ఇంట్లో వేగింది అని ఎవరైనా మీకు గొప్పగా చెబితే, గింజలు తెల్లగుడ్డ మీద పోసి చూపించమనండి.

మొన్న చలికాలం మా అమ్మాయికి జ్వరం వస్తే అదే ఆస్పత్రికి, అదే బల్లకి వెళ్ళాం. ప్యూను మా ఆయన పేరు పిలిచాడు. ఆయన లేచి, కార్డు నా చేతిలో పెట్టి, మళ్ళీ కూర్చున్నారు. నేను లోపలికి వెళ్ళాను. మా ఇంట్లో ఇప్పుడు వండిన మనిషి తరఫున ఇంకొకరు డాక్టరుకి జవాబు చెప్పరు.